రాతినార – మన ఇంటి కప్పు, మన ఊపిరి

బనగానపల్లె పేరు చెప్పగానే బయటివారికి మామిడిపండు గుర్తుకు వస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన మనకు దానితోపాటు నాపరాయి కూడా గుర్తుకు వస్తుంది. గనిలో బండ తీసేవారు, ఫ్యాక్టరీలో పాలిష్ పట్టేవారు, లారీకి ఎత్తేవారు మన ఇళ్ళలోనే ఉన్నారు. కాబట్టి ఇంటి నేల గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కానీ తల పైకెత్తితే కనిపించే కప్పు గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. బోద కొట్టం తీసేసి రేకులు వేసుకున్న రోజున ఇంటిల్లిపాదీ సంతోషించాం. వానకు కురవదు, నిప్పుకు అంటుకోదు, అంతే చాలనుకున్నాం. ఆ బూడిదరంగు రేకులో ఏముందో మనం అడగలేదు, అమ్మినవారు చెప్పలేదు.

ఆ రేకులో సిమెంటుతో పాటు ఉన్నది ఆస్బెస్టాస్. తెలుగులో దీన్ని రాతినార అంటారు. హాస్టల్లో ఉండి చదువుకొని ఇప్పుడు పీజీ చేస్తున్న మేము ఈ వార్షికోత్సవ సంచికకు ఈ అంశాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. రేకు ఎక్కించేది, కోసేది, విప్పేది, పగిలిన ముక్కలు ఎత్తి పారేసేది ఎవరో కాదు, మన నాయనలు, అమ్మలు, అన్నలు. అందువల్ల ఈ విషయం పరీక్షకు వచ్చినా రాకపోయినా మనకు తెలిసి ఉండాలి.

రాతినార అంటే ఏమిటి?

పేరులోనే అర్థం ఉంది. రాయి, కానీ నారలాగా పీచు పీచుగా విడిపోతుంది. ఇది మనిషి తయారుచేసింది కాదు, భూమిలో దొరికే ఖనిజం. రసాయన శాస్త్రం ప్రకారం చూస్తే ఇది ప్రధానంగా మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికేట్. ఇందులో ఆరు రకాలున్నాయి. వ్యాపారంలో ఎక్కువగా వాడినవి మూడు. తెల్లనిది క్రైసోటైల్, నీలిరంగుది క్రోసిడోలైట్, గోధుమరంగుది అమోసైట్. మన దేశంలో రేకుల తయారీకి వాడేది తెల్లరకం.

దీనికి ఉన్న గుణాలు ఇన్నీ అన్నీ కావు. కాలదు, కుళ్ళదు, చెదపట్టదు, లాగితే సులభంగా తెగదు. దారంలాగా వడకవచ్చు, గుడ్డలాగా నేయవచ్చు. అందుకే బాయిలర్ల చుట్టూ తాడుగా, లారీల బ్రేకు లైనింగుల్లో, నీటి పైపుల్లో, ఇంటి కప్పుల్లో వాడారు. మన హైస్కూలు ల్యాబులో బీకరు కింద పెట్టే తీగ వలను గుర్తు చేసుకోండి. పాత వలల మధ్యలో తెల్లగా గుండ్రంగా ఉండేది రాతినారే. ఇప్పుడు దాని బదులు పింగాణీ పూత వేసినవి వస్తున్నాయి.

రాతినార పీచు ఎంత సన్నమంటే, మన తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు అయితే, గాలిలో తేలే రాతినార పీచు మందం ఒక మైక్రాన్ కంటే తక్కువ. ఎండపొడలో కూడా కంటికి కనిపించదు, వాసన ఉండదు, పీల్చితే వెంటనే దగ్గు రాదు. దీని ప్రమాదమంతా అక్కడే ఉంది.

మన సీమ గర్భంలో రాతినార

రాతినార ఎక్కడో విదేశంలో మాత్రమే దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. బనగానపల్లె నుంచి కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా దక్షిణానికి పోతే పులివెందుల వస్తుంది. ఆ ప్రాంతంలోని బ్రాహ్మణపల్లె, లోపటనూతల, లింగాల వైపు భూమిలో మేలురకం తెల్ల రాతినార ఉంది. భారతదేశంలో క్రైసోటైల్ నిల్వలకు పేరుపొందిన చోటు అదే.

అది అక్కడే ఎందుకు పుట్టింది? కడప శిలల్లో వేంపల్లె డోలమైట్ అనే పొర ఉంది. డోలమైట్ అంటే కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్. సుమారు 190 కోట్ల సంవత్సరాల కిందట భూగర్భం నుంచి కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి ఈ పొరల మధ్య చొరబడి గట్టిపడింది. దాని వేడికి, దానితో వచ్చిన సిలికా కలిసిన వేడినీటికి డోలమైట్‌లోని మెగ్నీషియం మార్పు చెంది సర్పెంటైన్ అనే పచ్చని రాయి అయింది. ఆ రాయి చీలికల్లో పీచులాగా పెరిగినదే క్రైసోటైల్.

మరి మన నాపరాయిలో రాతినార ఉంటుందా అని ఎవరైనా అడగవచ్చు. ఉండదు. నాపరాయి కర్నూలు శిలావర్గానికి చెందిన సున్నపురాయి. ఈ వర్గంలో అన్నిటికంటే అడుగున ఉన్న పొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు మన ఊరి పేరే పెట్టారు, బనగానపల్లె శిలలు అంటారు. ఒకప్పుడు వజ్రాల కోసం తవ్వింది ఆ పొరనే. దాని మీద సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి నాపరాయి అయింది. రాతినార పుట్టే వేడి, చొరబాటు దానికి తగలలేదు. అందుచేత మన నేల ఈ విషయంలో మంచిదే. అయితే ఏ రాతి పొడి అయినా ఊపిరితిత్తులకు మేలు చేయదు కాబట్టి బండ కోసేటప్పుడు నీళ్ళు పెట్టి కోయడం మానరాదు.

పులివెందుల వైపు తవ్వకాలకు చాలా చరిత్ర ఉంది. రాతినార వల్ల కార్మికులకు వచ్చే జబ్బులను దృష్టిలో పెట్టుకొని కొత్త లీజులు ఇవ్వవద్దని కేంద్ర ప్రభుత్వం 1986లో రాష్ట్రాలకు చెప్పింది. 1993లో ఉన్న లీజుల పొడిగింపును కూడా ఆపింది. కానీ వాడకాన్ని నిషేధించలేదు. రష్యా వంటి దేశాల నుంచి ఏటా లక్షల టన్నులు దిగుమతి చేసుకొని రేకులు తయారుచేశారు. మన దగ్గర తవ్వడానికి ప్రమాదమని ఆపిన వస్తువే ఓడల్లో వచ్చి మన కప్పుల మీదికి ఎక్కింది.

రేకు ఎలా పుట్టింది?

1900 ప్రాంతంలో ఆస్ట్రియా దేశస్థుడైన లుడ్విగ్ హాట్‌షెక్ సిమెంటులో రాతినార కలిపి పలుచటి పలకలు తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. రేకులో పదింట తొమ్మిది వంతుల వరకు సిమెంటు, మిగిలినది రాతినార. ఇనుప కడ్డీ కాంక్రీటుకు బలమిచ్చినట్టు ఈ పీచు రేకుకు బలమిస్తుంది. మన వైపు ఈ పరిశ్రమ 1946లో హైదరాబాదులో మొదలైంది. చార్మినార్ పేరుతో వచ్చిన రేకులు పల్లెపల్లెకూ చేరాయి. బోద దొరకక, మిద్దె వేసుకునే స్తోమత లేక మధ్యలో నిలిచిన కుటుంబానికి రేకే దారి అయింది. ఇళ్ళకే కాదు, బడులకు, గోదాములకు, సినిమా హాళ్ళకు, కోళ్ళ ఫారాలకు కూడా అదే కప్పు.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

మామూలు దుమ్మును ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ ఆపుతాయి. రాతినార పీచు సన్నగా, పొడుగ్గా ఉండడం వల్ల గాలిగదుల దాకా పోతుంది. అక్కడ కాపలా కాసే తెల్లకణాలు దాన్ని మింగబోతాయి. పీచు పొడవు కణం కంటే ఎక్కువ కాబట్టి మింగలేక కణమే చచ్చిపోతుంది. ఆ చోట వాపు వస్తుంది, మచ్చ కడుతుంది. ఇది ఏళ్ళ తరబడి జరుగుతుంది. దీనివల్ల వచ్చే ముఖ్యమైన జబ్బులు మూడు.

ఒకటి, ఆస్బెస్టోసిస్. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి బిరుసెక్కుతాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పోయిన ఊపిరిని తిరిగి తెచ్చే మందు లేదు.

రెండు, ఊపిరితిత్తుల క్యాన్సర్. బీడీ, సిగరెట్ తాగేవారికి రాతినార కూడా తోడైతే ప్రమాదం రెండూ కూడినంత కాదు, అంతకు ఎన్నో రెట్లు అవుతుంది.

మూడు, మీసోథీలియోమా. ఊపిరితిత్తుల చుట్టూ, కడుపు లోపల ఉండే పలుచటి పొరకు వచ్చే క్యాన్సర్. ఇది దాదాపుగా రాతినార వల్లే వస్తుంది.

ఈ జబ్బులు ఈరోజు పీలిస్తే రేపు రావు. చాలావరకు 15 నుంచి 40 ఏళ్ళ తరువాత బయటపడతాయి. ఇరవై ఏళ్ళప్పుడు రేకులు కోసిన మనిషికి అరవై ఏళ్ళప్పుడు ఆయాసం వస్తే ఎవరూ రేకును అనుమానించరు. ముసలితనం అంటారు, బీడీ అంటారు, క్షయ అని మందులు మింగిస్తారు. కాబట్టి ఇంట్లో పెద్దవారికి ఎడతెగని ఆయాసం ఉండి, వారు ఎప్పుడైనా రేకుల పనిలో, రాతినార గనిలో, లారీల బ్రేకు పనిలో ఉండి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట పరీక్షల దారినే మార్చవచ్చు.

ఈ జ్ఞానం కొత్తది కాదు. ఇంగ్లాండులోని రాచ్‌డేల్‌లో రాతినార మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 1924లో చనిపోయింది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి డాక్టర్ కుక్ వైద్య పత్రికలో రాశాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు కార్మికులను పరిశీలించి నివేదిక ఇవ్వగా, 1931లో అక్కడ నిబంధనలు వచ్చాయి. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ బృందం నీలి రాతినార గనుల ప్రాంతంలో 33 మీసోథీలియోమా కేసులను ప్రకటించింది. వారిలో గనిలో పనిచేయకుండా చుట్టుపక్కల బతికినవారు కూడా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు తెల్లరకంతో సహా అన్ని రకాల రాతినారా క్యాన్సర్ కారకమేనని స్పష్టంగా చెబుతున్నది. పనిచోట్ల పీల్చిన రాతినార వల్ల ప్రపంచంలో ఏటా రెండు లక్షలమందికి పైగా చనిపోతున్నారని అంచనా.

నేలలో దాగిన రాతినార

మనకు రాతినార కప్పులో ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల పాత ఇళ్ళలో అది నేలలో కూడా ఉంది. అక్కడ నాపరాయి పరచరు. చెక్క నేల మీద వినైల్ షీటు అంటిస్తారు. సుమారు 1980ల వరకు తయారైన చాలా షీట్లకు అడుగున రాతినార కాగితం అతికించి ఉండేది. తొమ్మిది అంగుళాల చదరపు పలకల్లో, వాటిని అంటించిన నల్లటి జిగురులో కూడా కలిపేవారు.

పలకలో పీచు గట్టిగా బిగిసి ఉంటుంది. షీటు వెనుక కాగితం మాత్రం మెత్తగా ఉంటుంది. షీటు పట్టుకొని లాగితే ఆ కాగితం రెండుగా చీలుతుంది. సగం షీటుతో వస్తుంది, సగం నేలకు అంటుకొని ఉంటుంది. ఆ మిగిలినదాన్ని గీకినా, మెషీనుతో రుద్దినా పీచు ఇల్లంతా నిండుతుంది. అందుకే అక్కడి నిపుణులు చెప్పే మొదటి మాట, నేల బాగుంటే ముట్టుకోవద్దు, దాని మీదనే కొత్త నేల పరచుకోండి అని. తీయక తప్పకపోతే ముందు చిన్న ముక్కను ల్యాబులో పరీక్ష చేయించాలి, తరువాత అనుమతి ఉన్న పనివారితో తడిపి తీయించాలి. చీపురుతో ఊడవరాదు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరుతో లాగరాదు. ఆ మెషీను పీచును వెనకనుంచి మళ్ళీ గాలిలోకే వదులుతుంది.

ఇది మనకెందుకు అనుకోరాదు. మన తెలుగువారు ఎందరో ఆ దేశాల్లో పాత ఇళ్ళు కొంటున్నారు, అద్దెకు ఉంటున్నారు. మన సీమ నుంచి గల్ఫ్ దేశాలకు పోయి పాత కట్టడాలు పడగొట్టే పనిలో చేరినవారూ ఉన్నారు. అంతకంటే ముఖ్యం, నేల విషయంలో అక్కడ నేర్చుకున్న పాఠం మన కప్పుకూ అలాగే వర్తిస్తుంది. బిగిసి ఉన్న రాతినార నిద్రపోతున్న పాము. గీకితే, కోస్తే, పగలగొడితే లేస్తుంది.

మన ఇళ్ళలో ఏం చేయాలి?

ముందుగా ఒక మాట. పగుళ్ళు లేని రేకు కింద పడుకున్నంత మాత్రాన జబ్బు వస్తుందని భయపడనక్కరలేదు. అక్కడ ప్రమాదం చాలా తక్కువ. భయపడి రాత్రికి రాత్రి రేకులు పగలగొట్టి పారేయడమే ఎక్కువ ప్రమాదం. ఈ కింది జాగ్రత్తలు పాటించాలి.

1. రేకు ఏ రకమో తెలుసుకోవాలి. కంటితో చూసి చెప్పలేం. కొత్త రేకు కొనేటప్పుడు దాని మీద ముద్ర చూడాలి. ఐ.ఎస్. 459 అని ఉంటే అది రాతినార రేకు. రాతినార లేని పీచు రేకుల ప్రమాణం ఐ.ఎస్. 14871. ముద్ర లేని పాత సిమెంటు రేకును రాతినార రేకుగానే భావించాలి.

2. కరెంటు కటింగ్ మెషీనుతో కోయరాదు, డ్రిల్లింగ్ మెషీనుతో తొలచరాదు. దుమ్ము ఎక్కువ లేచేది అక్కడే. కోయక తప్పకపోతే బాగా తడిపి, ఆరుబయట, చేతి రంపంతో నిదానంగా కోయాలి.

3. పాచి పట్టిందని, వానకు ముందు శుభ్రం చేద్దామని రేకును తీగ బ్రష్‌తో రుద్దరాదు. ఏళ్ళ తరబడి ఎండకు వానకు సిమెంటు అరిగిపోయి పీచు పైకి తేలి ఉంటుంది.

4. రేకు విప్పేటప్పుడు ముందు నీళ్ళు చల్లి, బోల్టులు విప్పి, పలకను పలకగానే కిందికి దించాలి. పైనుంచి కిందికి విసరరాదు. రేకు మీద నేరుగా కాలు పెట్టరాదు, పలక వేసుకొని దాని మీద నడవాలి. పాత రేకు మనిషి బరువు ఆపదు. రేకు విరిగి కిందపడి ప్రాణం పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

5. మూతికి తువ్వాలు కట్టుకుంటే రాతినార ఆగదు. మెడికల్ షాపులో దొరికే మాస్కు కూడా చాలదు. దీనికి ప్రత్యేకమైన ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి. అది అందరికీ దొరకదు కాబట్టి దుమ్మే లేవకుండా తడపడం మన చేతిలో ఉన్న పెద్ద రక్షణ.

6. పని చేసిన బట్టలను ఇంట్లో దులపరాదు. విడిగా నీళ్ళలో తడిపి ఉతకాలి. భర్త పనిబట్టలు దులిపి ఉతికినందుకే జబ్బుపడిన స్త్రీలు ఇతర దేశాల్లో ఉన్నారు.

7. పగిలిన ముక్కలతో గొడ్ల కొట్టానికి అడ్డం పెట్టడం, నీళ్ళ తొట్టికి మూత వేయడం, గుంతలు పూడ్చడం, పిల్లలు వాటిని బచ్చాలుగా ఆడుకోవడం మానాలి. దారిలో వేసిన ముక్క బండ్ల కింద నలిగి పొడి అవుతుంది. ముక్కలు తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో రెండు పొరలుగా చుట్టి, మళ్ళీ తవ్వని చోట లోతుగా పూడ్చాలి. పంచాయతీ వారిని అడిగి చోటు నిర్ణయించుకోవడం మంచిది.

8. రేకు కింద మంట ఎక్కువ పెట్టరాదు. రాతినార కాలదు గానీ, రేకు బాగా వేడెక్కితే టపాకాయలాగా పేలి ముక్కలు ఎగురుతాయి.

చట్టం ఏం చెబుతుంది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆస్బెస్టోసిస్‌ను తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అంతకంటే పెద్ద మలుపు 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన ఆ కేసులో, కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటినుంచి 40 ఏళ్ళు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్ళు, ఏది తరువాత వస్తే అంతవరకు యాజమాన్యం భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు ఆలస్యంగా వస్తుంది కాబట్టే ఆ గడువు. కానీ ఈ రక్షణ ఫ్యాక్టరీ రిజిస్టరులో పేరున్న వారికి. ఊళ్ళో రోజుకూలికి రేకు కోసే బేల్దారి పేరు ఏ రిజిస్టరులో ఉంటుంది? మన ఇళ్ళవారి రికార్డు రాసి పెట్టేవారు లేరు.

కేరళ మానవ హక్కుల కమిషన్ 2009లో ప్రభుత్వ పాఠశాలల మీది రాతినార రేకులను దశలవారీగా తీసి పెంకులు వేయాలని ఆదేశించింది. రాతినారను పూర్తిగా నిషేధించాలని వేసిన మరో కేసును సుప్రీంకోర్టు 2011లో కొట్టివేసింది. మరోవైపు ఆస్ట్రేలియా 2003 చివరినుంచి, యూరోపియన్ యూనియన్ 2005నుంచి, ఒకప్పుడు ప్రపంచానికి అమ్మిన కెనడా 2018నుంచి నిషేధించాయి. అమెరికా 2024లో తెల్ల రాతినార మీద నిషేధ ఉత్తర్వు ఇచ్చింది.

బదులుగా ఏముంది?

రాతినార లేని పీచు సిమెంటు రేకులు, రంగు వేసిన ఇనుప రేకులు, పెంకులు ఉన్నాయి. ఇనుప రేకు కింద ఎండాకాలం మన సీమలో ఉడికిపోతామన్నది నిజమే. పైన సున్నం పూత, కింద బోద తడిక వేసుకుంటే కొంత నయం. స్తోమత ఉన్నప్పుడు మన తాతలు చూపిన దారి ఎలాగూ ఉంది. దూలాల మీద దంతెలు పరచి, నాపబండలు కప్పి, మీద మట్టి వేసిన మిద్దెలు మన ఊళ్ళలో ఇంకా నిలిచి ఉన్నాయి. పేదవాడికి చౌకగా దొరికే కప్పు అతడి ఊపిరిని తీసేది కాకూడదు. ఇళ్ళ పథకాల్లో, హాస్టళ్ళ మరమ్మతుల్లో, బడుల షెడ్లలో రాతినార లేని కప్పు వేయమని అడగడం మన హక్కు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మన ఇళ్ళలో చాలావరకు డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మనమే. రేకు మీద ముద్రించిన అక్షరాలు చదివి చెప్పగలిగింది మనమే. వచ్చే సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాయన నిచ్చెన వేసి రేకు మారుస్తుంటే పుస్తకం పట్టుకొని పక్కకు పోకండి. "నాయనా, మెషీను పెట్టొద్దు, రెండు బిందెల నీళ్ళు తెస్తాను, తడిపి విప్పుదాం" అని చెప్పండి. ముక్కలు ఏరే పిల్లలను దూరంగా పంపండి. దానికి ఖర్చు ఏమీ లేదు. ఇరవై, ముప్పై ఏళ్ళ తరువాత ఆ ఇంట్లో ఒకరు ఆయాసం లేకుండా వాకిట్లో కూర్చొని మాట్లాడుతుంటే, ఆ రెండు బిందెల నీళ్ళ విలువ అప్పుడు తెలుస్తుంది.